శ్మశానంలో కాన్ఫెడరేట్ సైనికుల రాళ్ళు, గేటు దగ్గర చరిత్ర పలక: హెచ్‌ఓఏ సంతకం పెట్టే ముందు చూడాల్సినవి

అడిగిన ప్రశ్న ఇది: జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన ఉన్న సబ్‌డివిజన్. ఇళ్ళ వెనక చెట్లలో పాత కుటుంబ శ్మశానం ఉంది, ఆ నేల ఇప్పుడు హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం పేరు మీద ఉంది. ఒక వారసత్వ సంఘం వచ్చి, అందులో ఉన్న నలుగురు కాన్ఫెడరేట్ సైనికుల (అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షంవాళ్ళ) సమాధులకు కొత్త రాళ్ళు పెడతామని, గేటు దగ్గర ఒక పలక నిలబెట్టి ఏప్రిల్లో ఆవిష్కరిస్తామని కాగితాలు ఇచ్చింది. బోర్డులో ఉన్న మన తెలుగాయన సంతకం పెట్టొచ్చా, ఏం చూడాలి, రాళ్ళు ప్రభుత్వమే ఇస్తుందన్న మాట నిజమా అని అడిగారు.

రాయి వేరు, పలక వేరు. రెండింటినీ ఒకే తీర్మానంలో పెట్టకండి. ఫలానా మనిషి ఇక్కడ ఉన్నాడు అని మాత్రమే సమాధి రాయి చెబుతుంది. అతను ఎందుకు యుద్ధానికి వెళ్ళాడు, ఆ యుద్ధం దేనికోసం అన్న సంగతి పలక చెబుతుంది. పేరు, దళం రికార్డుతో సరిపోతే రాయికి ఒప్పుకోండి, చనిపోయిన మనిషికి పేరు పెట్టడంలో తప్పులేదు. పలకకు మాత్రం ప్రతి వాక్యం సరిచూసుకున్నాకే ఒప్పుకోండి. ఆ నేల మీది, అక్కడ నిలబడిన మాట మీ మాటగానే జనం చదువుతారు.

ముందు కాస్త నేపథ్యం. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. పదకొండు దక్షిణ రాష్ట్రాలు విడిపోయి కాన్ఫెడరసీగా ఏర్పడ్డాయి. ఎందుకు విడిపోయామో జార్జియా తనే రాసిపెట్టుకుంది. 1861 జనవరిలో ఆమోదించిన ప్రకటనలో రెండో వాక్యంలోనే ఆఫ్రికన్ బానిసత్వం ప్రస్తావన వస్తుంది. అదే ఏడాది మార్చి 21న సవానాలో కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని సభలో చెప్పాడు. స్టీఫెన్స్ జార్జియా మనిషే. ఈ రెండూ గుర్తుంచుకోండి, పలక దగ్గర పనికొస్తాయి.

ఇలాంటి రాళ్ళు పెట్టే సంఘాల్లో పాతవి రెండు. యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ 1894లో నాష్‌విల్‌లో, సన్స్ ఆఫ్ కాన్ఫెడరేట్ వెటరన్స్ 1896లో రిచ్‌మండ్‌లో మొదలయ్యాయి. మొదటిదాని స్థానిక శాఖను చాప్టర్ అంటారు, రెండోదాన్ని క్యాంప్ అంటారు. మీకొచ్చిన కాగితం ఏ శాఖ పేరుతో ఉందో, సంతకం చేసినాయన ఆ శాఖలో ఏ హోదాలో ఉన్నాడో మొదట రాయించుకోండి. రేపు రాయి ఒరిగినా పలక విరిగినా ఎవరిని పిలవాలో తెలియాలి.

ఇక ప్రభుత్వం ఇస్తుందన్న మాట. నిజమే. ఉత్తరాది జైళ్ళలో చనిపోయిన కాన్ఫెడరేట్ సైనికుల సమాధులకు రాళ్ళు పెట్టాలని అమెరికా కాంగ్రెస్ 1906లో చట్టం చేసింది. 1929లో ఆ అవకాశాన్ని మిగతా శ్మశానాలకూ పెంచింది. ఇప్పుడు ఆ పని వెటరన్స్ అఫైర్స్ శాఖది, అంటే వీఏది. దరఖాస్తు ఫారం 40-1330. రాయి, రవాణా ఉచితం. ప్రైవేటు శ్మశానంలో పాతే ఖర్చు మాత్రం వీఏ ఇవ్వదు, అడిగినవాళ్ళే పెట్టుకోవాలి. 1917 ఏప్రిల్ 6కి ముందు సర్వీసు ముగిసినవాళ్ళ విషయంలో వారసులే అడగాలన్న నియమం లేదు, ఎవరైనా దరఖాస్తు చేయొచ్చు. అందుకే సంఘాలు నేరుగా అడుగుతున్నాయి. అయితే అంత పాత మరణాలకు సమాధి మీద ఏ గుర్తూ లేకపోతేనే ఇస్తారు. పేరున్న పాత రాయి అక్కడే ఉంటే, కొత్తది ఇంకా బాగుంటుందని చెప్పి తెప్పించడం కుదరదు. శ్మశానం బాధ్యత చూసేవాళ్ళు కూడా ఆ ఫారం మీద సంతకం పెట్టాలి. మీ దగ్గరికి వచ్చింది అందుకే. మీ సంతకంతో ఈ సమాధికి గుర్తు లేదని మీరూ ఒప్పుకున్నట్టు అవుతుంది కాబట్టి ముందు మీరే వెళ్ళి కళ్ళారా చూడండి.

వచ్చే రాయి ఎలా ఉంటుందంటే, నిలువు పాలరాయి అయితే 42 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం, బరువు సుమారు 230 పౌండ్లు. పడుకోబెట్టే గ్రానైటు రాయి 24 అంగుళాలకు 12, మందం 4. కాన్ఫెడరేట్ నిలువు రాయికి తల కోసుగా ఉంటుంది, కావాలంటే సదరన్ క్రాస్ ఆఫ్ ఆనర్ అనే శిలువ గుర్తు చెక్కుతారు. యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికుడి రాయికి తల గుండ్రంగా ఉండి డాలు గుర్తు ఉంటుంది. పాత శ్మశానంలో దూరం నుంచే ఎవరు ఏ పక్షమో దీన్నిబట్టి తెలిసిపోతుంది.

సంఘాలవాళ్ళు తరచూ చెప్పే మాట ఒకటుంది: 1958 చట్టంతో కాన్ఫెడరేట్ సైనికులంతా చట్టప్రకారం అమెరికా వెటరన్లు అయిపోయారని. ఆ చట్టం, పబ్లిక్ లా 85-425, చేసింది బతికున్న కొద్దిమందికీ వాళ్ళ వితంతువులకూ పెన్షన్ ఇవ్వడం. సమాధి రాళ్ళకు ఆధారం వేరే చట్టం. పలక మీద ఆ 1958 వాక్యం కనిపిస్తే కొట్టేయమనండి.

అసలు పని రుజువుల దగ్గర ఉంది. నలుగురి పేర్లకూ నాలుగు సర్వీసు రికార్డుల నకళ్ళు అడగండి. వంశవృక్షం కాగితాలు చాలవు. వెబ్‌సైట్లో ఎవరో ఎక్కించిన సమాధి ఫోటో కూడా రుజువు కాదు. కావాల్సింది నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 109లోని సర్వీసు జాకెట్, అంటే ఒక సైనికుడి కార్డులన్నీ పెట్టిన కవరు. 1903 నుంచి వార్ డిపార్ట్‌మెంట్ గుమాస్తాలు పాత హాజరు పట్టీలు, ఆసుపత్రి పుస్తకాలు, ఖైదీల జాబితాలు ముందు పెట్టుకుని ఒక్కో సైనికుడికి కార్డులు రాశారు. జార్జియా దళాలవి ఎం 266 అనే మైక్రోఫిల్మ్‌లో ఉన్నాయి.

ఆ కార్డు చేతికొస్తే ఇలా చదవండి. పైన దళం, కంపెనీ. కింద ఎప్పుడు చేరాడు, ఎక్కడ, ఎవరు చేర్చుకున్నారు, ఎంతకాలానికి. ఆ కింద ఏయే నెలల హాజరు, ఉన్నాడా లేడా. చివర రిమార్కులు. "సెలవు లేకుండా గైర్హాజరు" అనో "పారిపోయాడు" అనో ఉంటే అదీ చరిత్రే, దాచాల్సిన పనిలేదు. కానీ పలక మీద "చివరి రోజు దాకా పోరాడాడు" అని రాయడానికి మాత్రం వీల్లేదు. జాకెట్ మీద చేరినప్పటి ర్యాంకు, వెళ్ళినప్పటి ర్యాంకు విడివిడిగా ఉంటాయి. రెండు చోట్లా ప్రైవేట్ అని ఉన్న మనిషికి రాయి మీద కెప్టెన్ అని చెక్కించడం చాలా మామూలుగా జరిగే తప్పు. యుద్ధం తర్వాత ఊళ్ళో పెద్దమనిషిని కెప్టెన్, కల్నల్ అని గౌరవంగా పిలిచేవాళ్ళు, మనవలు అదే నిజమనుకున్నారు.

చేరిన తేదీ ఇంకా ముఖ్యం. 1862 ఏప్రిల్ 16న కాన్ఫెడరేట్ కాంగ్రెస్ నిర్బంధ సైనిక సేవ చట్టం చేసింది, మొదట 18 నుంచి 35 ఏళ్ళవాళ్ళకు, 1864కల్లా 17 నుంచి 50 దాకా. అదే 1862 అక్టోబరులో ఇరవైమంది, అంతకుమించి బానిసలున్న తోటకు ఒక తెల్లవాణ్ణి మినహాయించారు. కాబట్టి ఆ ఏప్రిల్ తర్వాత చేరిన మనిషి గురించి "ఇంటిని కాపాడుకోవడానికి స్వచ్ఛందంగా కదిలాడు" అని రాస్తే ఆధారం అడగండి. అలాగే ఒకే కౌంటీలో ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురు ఉండటం సాధారణం. వయసు, తండ్రి పేరు, 1860 జనాభా లెక్క మూడూ కలిస్తేనే మనిషి అతనే అనుకోవాలి. రాష్ట్ర మిలీషియాలో మాత్రమే ఉన్నవాళ్ళ కాగితాలు మారో పట్టణంలోని జార్జియా ఆర్కైవ్స్‌లో వెతకాలి, వాళ్ళను కాన్ఫెడరేట్ సైన్యంలో కలిపి రాయకూడదు. పెన్షన్ దరఖాస్తులు దొరికితే మంచిది. ఆ పెన్షన్ ఇచ్చింది రాష్ట్రాలు, అదీ మనిషి ఏ రాష్ట్రం దళంలో పోరాడాడో అక్కడ కాదు, ముసలితనంలో ఎక్కడ కాపురమున్నాడో అక్కడ. అలబామా దళంలో ఉన్నవాడి దరఖాస్తు జార్జియాలో దొరకొచ్చు.

నలుగురిలో ఒకరు "నల్లజాతి కాన్ఫెడరేట్ సైనికుడు" అని రాసుంటే అక్కడే ఆగండి. కాన్ఫెడరేట్ కాంగ్రెస్ నల్లవాళ్ళను సైన్యంలోకి తీసుకోవడానికి ఒప్పుకున్నది 1865 మార్చి 13న. కాన్ఫెడరేట్ సేనాని లీ లొంగిపోయింది ఏప్రిల్ 9న. అంతకుముందు నాలుగేళ్ళూ సైన్యం వెంట ఉన్న నల్లవాళ్ళలో అత్యధికులు బానిసలు. యజమాని వెంట వచ్చిన సేవకులు, వంటవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, మట్టికోటలు కట్టినవాళ్ళు. తర్వాత ఎప్పటికో మిసిసిపీ, టెనెసీ, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాలు వాళ్ళలో కొందరికి చిన్న పెన్షన్ ఇచ్చాయి, ఆ కాగితమే ఇప్పుడు సైనికుడన్న రుజువుగా చూపిస్తారు. నార్త్ కరోలినాలోని మన్‌రోలో 2012లో పాత కోర్టు ముందు ఇలాంటి పెన్షన్‌దారులు పదిమంది పేర్లతో ఒక రాయి పెట్టారు. అలాంటివాళ్ళ పేరు చెక్కించడం అవసరమే. కానీ బానిసగా తెచ్చారన్న మాట లేకుండా పేరు మాత్రం చెక్కితే ఆ మనిషికి రెండోసారి అన్యాయం జరుగుతుంది.

పేర్లు నిలబెట్టడం ఎంత శ్రద్ధగా చేయొచ్చో చూడాలంటే న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా ఉంది. అక్కడి జైల్లో చనిపోయిన దాదాపు మూడువేల మంది కాన్ఫెడరేట్ ఖైదీల్ని పూడ్చింది జాన్ డబ్ల్యూ. జోన్స్. ఆయన వర్జీనియాలో బానిసగా పుట్టి, 1844లో తప్పించుకుని వచ్చిన మనిషి. ఒక్కో శవానికి పేరు, దళం, తేదీ రాసి పెట్టాడు. అందువల్ల అక్కడ గుర్తు తెలియని సమాధులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. చెక్క పలకల స్థానంలో 1907లో పాలరాళ్ళు వచ్చినప్పుడు ఆయన లెక్కలే ఆధారం అయ్యాయి. మీ శ్మశానంలో నాలుగు పేర్లకు ఆ మాత్రం జాగ్రత్త అడగడం ఎక్కువేమీ కాదు.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. జార్జియాలో 1860 నాటి రైతు కుటుంబ శ్మశానం అంటే, ఆ కుటుంబానికి బానిసలు ఉంటే, వాళ్ళ సమాధులు కూడా అదే నేలలోనో కంచె అవతలో ఉండే అవకాశం ఎక్కువ. వాటికి చెక్కిన రాళ్ళుండవు. నేల నుంచి కాస్త పైకి లేచిన ముడి రాయి, ఆరడుగుల పొడవున చిన్న గుంట, నేలంతా పాకిన పెరివింకిల్ తీగ, యక్కా మొక్క, వరసకు అడ్డంగా ఒంటరి సీడర్ చెట్టు. కొన్నిటి మీద తెల్లటి గవ్వలు, పగిలిన పింగాణీ పళ్ళాలు, సీసాలు ఉంటాయి. అవి చెత్త కాదు, ఆత్మీయులు కావాలని పెట్టినవి. ఆవిష్కరణ ముందు వారం వాలంటీర్లు వచ్చి "శుభ్రం" చేసినప్పుడు సరిగ్గా ఇవే పోతాయి. రాళ్ళన్నీ ఏరి ఓ మూల కుప్పేస్తారు, తీగ పీకేస్తారు. ఒక్క శనివారంలో నలభై సమాధుల ఆనవాళ్ళు చెరిగిపోతాయి, మళ్ళీ తేలేరు.

అందుకని వరస ఇలా ఉండాలి. 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టిక వేరుగా ఉంటుంది, అందులో యజమాని పేరు చూడండి. బానిసల పేర్లుండవు, వయసు, ఆడా మగా, రంగు మాత్రమే. పేర్లు కావాలంటే 1870 లెక్కలో అదే చుట్టుపక్కల ఉన్న నల్ల కుటుంబాల్ని చూడాలి, అదే ఇంటిపేరుతో ఉండొచ్చు. తర్వాత శ్మశానాల పని తెలిసిన పురావస్తు నిపుణుణ్ణి పిలిపించి, ప్రతి గుంటకూ ప్రతి ముడి రాయికీ చిన్న జెండా గుచ్చి పటం గీయించండి. గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ వాడతామంటే మంచిదే, కానీ జార్జియా ఎర్ర బంకమట్టిలో ఆ తరంగాలు లోతుకు పోవు. రాడార్‌లో ఏమీ కనిపించలేదు కాబట్టి ఏమీ లేదనుకోవద్దు, ఇనుప చువ్వతో మట్టి గట్టితనం చూసే పాత పద్ధతి కూడా తోడు ఉండాలి. పటం చేతికి రాకముందు గడ్డపలుగు నేలకు తగలకూడదని తీర్మానంలో రాయండి. సమాధుల్ని కదిలించాలన్నా ఆ నేలను వేరే పనికి మార్చాలన్నా జార్జియా చట్టం ప్రకారం కౌంటీ అనుమతి కావాలి. తవ్వకంలో మేకులు, పెట్టె పిడి, ఎముక ఏది కనిపించినా పని ఆపి షెరిఫ్ ఆఫీసుకు చెప్పాలి.

రాయి పాతడం గురించి. ఆ కాలపు సమాధుల్లో ఎక్కువ వాటికి తల పడమర, కాళ్ళు తూర్పు. రాయి తలవైపు. 42 అంగుళాల్లో 24 పైకి, 18 లోపలికి. అడుగున మూడు నాలుగు అంగుళాల సన్న కంకర పోయాలి కాబట్టి గుంట 22 అంగుళాల దాకా వస్తుంది. రాయిని నిలబెట్టి రసమట్టంతో రెండు వైపులా చూసి, చుట్టూ కంకర, మట్టి కలిపి నాలుగేసి అంగుళాల పొరలుగా పోస్తూ దిమ్మిస కొట్టాలి. మొత్తం ఒకేసారి నింపితే రెండు వానలకే ఒరిగిపోతుంది. కాంక్రీటు పోస్తామంటే వద్దనండి. కాంక్రీటులో బిగిసిన పాలరాయి గడ్డి మెషిన్ తగిలినా, చెట్టు వేరు తోసినా సరిగ్గా నేల మట్టం దగ్గర విరుగుతుంది, సరిచేయడానికి కూడా వీలుండదు. 230 పౌండ్ల రాయిని ఇద్దరు చేతులతో ఎత్తబోయి వేళ్ళు నలుగుతాయి, బెల్టున్న తోపుడు బండి తెచ్చుకోవాలి.

పక్కన ఇనుప శిలువ గుచ్చుతామంటారు. అది యునైటెడ్ డాటర్స్ సంఘం 1900లో బతికున్న సైనికులకు ఇవ్వడం మొదలుపెట్టిన పతకం ఆకారం. ఇనుము తుప్పు పాలరాయికి అంటితే మరక పోదు, రాయికి కనీసం అడుగు దూరంలో పెట్టించండి. రాళ్ళు కడగడానికి నీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్, పాచికి డీ/2 అనే ద్రవం చాలు. బ్లీచ్, తీగ బ్రష్, ప్రెషర్ వాషర్ మూడూ నిషేధం. అక్షరాలు కనిపించడానికి చాక్ రుద్దొద్దు, అద్దంతో ఎండను ఏటవాలుగా కొడితే చాలు.

పలక సంగతి. చాలామంది పోతపోసిన అల్యూమినియం పలక చూస్తే ప్రభుత్వం పెట్టిందనుకుంటారు. డబ్బిస్తే ఎవరికైనా అలాంటిది పోసిస్తారు, ఒహాయోలోని మారియెట్టాలో సీవా స్టూడియోస్ 1927 నుంచీ అదే పని చేస్తోంది. జార్జియాలో అధికారిక పలకలు 1998 నుంచి జార్జియా హిస్టారికల్ సొసైటీ చూస్తోంది, వాళ్ళు ఆధారాలు అడిగి, పాఠం తామే సరిచేస్తారు. పలక కింద ఎవరి పేరుందో చూస్తే తేడా తెలుస్తుంది. మీకిచ్చింది సంఘం సొంత పలక అయితే పాఠం సరిచూసే బాధ్యత మీదే.

పాఠంలో ఈ మాటలు కనిపిస్తే మార్చమనండి: "రాష్ట్రాల హక్కుల కోసం" అని మాత్రమే ఉంటే, ఏ హక్కు అని జార్జియా ప్రకటన చూపించండి. "ఉత్తరాది దురాక్రమణ యుద్ధం" అంటే అంతర్యుద్ధం అని రాయమనండి. "విశ్వాసపాత్రులైన సేవకులు" అన్నచోట బానిసలు అని ఉండాలి. అక్షరాలు తక్కువ పడతాయి కాబట్టి విశేషణాలన్నీ తీసేస్తే చోటు దొరుకుతుంది. నాలుగు పేర్లు, కంపెనీలు, చేరిన తేదీలు, ఈ కుటుంబం 1860లో ఎంతమందిని బానిసలుగా ఉంచుకుందో ఆ సంఖ్య, పేర్లు తెలియని వాళ్ళ సమాధులు కూడా ఇక్కడున్నాయన్న వాక్యం. ఇంతే చాలు. దీనికి సంఘం ఒప్పుకోకపోతే రాళ్ళకు అవునని, పలకకు కాదని రాతపూర్వకంగా చెప్పండి. టెక్సాస్ ఇదే సన్స్ సంఘం జెండా ఉన్న కారు నంబర్ ప్లేటును తిరస్కరిస్తే 2015లో సుప్రీంకోర్టు ఆ తిరస్కరణను సమర్థించింది. ప్రభుత్వానికే తన పేరుతో వచ్చే మాటను ఎంచుకునే హక్కు ఉన్నప్పుడు, సొంత నేల మీద మీకు లేదని ఎవరూ అనలేరు.

ఒప్పుకుంటే ఒప్పందంలో పలక ఎవరి సొత్తు, ఎవరు బాగుచేయాలి, ఏ పరిస్థితిలో తీయొచ్చు అన్నది రాసుకోండి. దాన్ని కౌంటీ రోడ్డు అంచున పెట్టనివ్వకండి. 2019లో గట్టిపరిచిన జార్జియా చట్టం ప్రకారం ప్రభుత్వ స్థలంలో నిలిచిన స్మారకాన్ని తీయడం చాలా కష్టం. పలక స్తంభానికి రెండున్నర మూడు అడుగుల కాంక్రీటు పునాది వేస్తారు కనుక సమాధుల పటానికి బయట, గేటు అవతల వేయించండి.

తేదీ ఏప్రిల్ అంటున్నారంటే బహుశా 26 దగ్గర అడుగుతారు. 1865లో ఆ రోజు కాన్ఫెడరేట్ సేనాని జాన్‌స్టన్ సైన్యం యూనియన్ సేనాని షెర్మన్‌కు లొంగిపోయింది, జార్జియాలో చాలాకాలం అది కాన్ఫెడరేట్ మెమోరియల్ డే. 2015 తర్వాత క్యాలెండర్లో దాన్ని రాష్ట్ర సెలవు అని మాత్రమే అంటున్నారు. ఆ రోజు బూడిదరంగు యూనిఫాం వేసుకున్నవాళ్ళు, నల్ల గౌన్లలో ఆడవాళ్ళు, జెండాలు, పేర్ల పిలుపు, తుపాకుల వందనం ఉంటాయి. గుండు లేకుండా మందు మాత్రమే పేల్చినా చప్పుడు పెద్దది. షెరిఫ్ ఆఫీసుకు, చుట్టూ ఉన్న ఇళ్ళకు వారం ముందే కాగితం వెళ్ళాలి, పసిపిల్లలూ కుక్కలూ ఉన్న ఇళ్ళవాళ్ళకు వేళ కూడా చెప్పాలి. సంఘం నుంచి హెచ్‌ఓఏను కూడా చేర్చిన బీమా సర్టిఫికెట్ తీసుకోండి. కార్లు సమాధుల గడ్డి మీద ఆపకుండా తాడు కట్టించండి. ఏ జెండాలు, ఎన్ని, కార్యక్రమం అయ్యాక ఎన్ని గంటల్లో తీస్తారు అన్నది కూడా ముందే రాయించండి. ఇరుగుపొరుగు నల్ల కుటుంబాలకు ఈ జెండా ఎలా కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళకు కబురు మీ నోటినుంచే ముందు వెళ్ళాలి. పటంలో ముడి రాళ్ళు తేలితే, ఆ ఊరి పాత నల్లజాతి చర్చిలో అడగండి. ఇంటిపేర్లు తెలిసిన పెద్దవాళ్ళు అక్కడ దొరుకుతారు.

మన పిల్లలు ఇదంతా మనకెందుకని అడిగితే చెప్పడానికి ఒకటుంది. ఆ నాలుగేళ్ళు అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లండు మిల్లులు మన దేశం పత్తి మీద పడ్డాయి. గుంటూరు, కృష్ణా వైపు పత్తికి కాకినాడ రేవు పేరు మీద "కోకనాడాస్" అని వ్యాపారపేరు ఉండేది. ఇక్కడ బానిసలు తీసిన పత్తి ఓడల్లోకి ఎక్కకపోతే, అక్కడ మన పొలాల్లో ధర పెరిగింది.

ఫారం మీద సంతకానికి తొందరపెడితే, నాలుగు సర్వీసు జాకెట్ల నకళ్ళు, సమాధుల పటం, పలక పాఠం చివరి ప్రతి, బీమా కాగితం నాలుగూ బల్ల మీదకు వచ్చిన రోజే సమావేశం పెడతామని చెప్పండి.